స్త్రీల కూలి, స్త్రీల కొనుగోలు: ఒక స్మారకోపన్యాసము

1922లో గుంటూరున శారదానికేతనమును నెలకొల్పుటలో భర్త ఉన్నవ లక్ష్మీనారాయణ పంతులుగారికి తోడునీడయై, స్త్రీలకు విద్యయు వృత్తిశిక్షణయు గరపుటకు పాటుపడిన ఉన్నవ లక్ష్మీబాయమ్మగారి స్మృతికి ఈ ప్రసంగమును సమర్పించుచున్నాను. సంపాదించు స్త్రీకిని ఖర్చుపెట్టు స్త్రీకిని నడుమ చరిత్రకారులు చిరకాలము నిలిపిన గోడ ఎట్లు కూలినదో విన్నవించి, పిమ్మట మన జిల్లాకు వత్తును.

యేల్ విశ్వవిద్యాలయములో ఆచార్యపదవి నలంకరించిన పౌలా హైమన్ 1980లో ప్రకటించిన ఒక వ్యాసమునకు వస్తువు, 1902 మే నెలలో న్యూయార్కు నగరపు లోయర్ ఈస్ట్ సైడులో యూదు గృహిణులు సాగించిన మాంస బహిష్కారము. తూర్పు ఐరోపానుండి వలసవచ్చి, ఇరుకు గదులలో కాపురములు చేయుచు, భర్తల బిడ్డల కొలది సంపాదనతో సంసారములు ఈడ్చుచున్న ఆ తల్లులు, తమ మతవిధి ననుసరించి కోసిన మాంసము పౌను 12 సెంట్లనుండి 18 సెంట్లకు పెరుగగానే, ఇంటింటికి దిరిగి సభలు గూర్చి, అంగళ్ల ముందు నిలిచి కొనువారిని వారించి, పోలీసులు పట్టుకొనిపోయినను వెనుదీయక, విశ్రాంతిదినమున ప్రార్థనామందిరములలో లేచి నిలిచి పురుషుల తోడ్పాటును సైతము కోరిరి. జూను నాటికి ధర 14 సెంట్లకు దిగెను. ఇరుగుపొరుగు పరిచయములను సంఘబలముగా మలచుకొన్న ఈ నడివయసు గృహిణులు రాజకీయ వివేకము గలవారని హైమన్ నిరూపించినది. ఏడేండ్లకు, 1909లో, ఆ నగరముననే ఆడవారి చొక్కాలు కుట్టు కర్మాగారములలో వేలకొలది యువతులు సమ్మె కట్టగా, వారిలో అత్యధికులు యూదు వలసకుటుంబముల బిడ్డలే. బజారులో నేర్చిన పట్టుదలకును కర్మాగారములో చూపిన తెగువకును చుట్టరికము గలదని నా విశ్వాసము.

మన నల్లరేగడిలో పండిన ప్రత్తి బేళ్లుగా తరలిపోయి, పరదేశపు మరమగ్గములు నేసిన బట్ట మన అంగళ్లను నింపిన రోజులలో, విదేశవస్త్ర బహిష్కారము ఈ ప్రాంతమును గూడ కదల్చినది. పెదనందిపాటి పన్నుల నిరాకరణ నాయకుల పేర్లు మనకు కంఠస్థములు. రాట్నము పట్టి ఖద్దరు కొన్న ఇల్లాండ్ర సంగతి మాత్రము మన పుస్తకములలో ఒకటి రెండు వాక్యములకు మించదు.

సభాసదులారా, యూదు స్త్రీలను గూర్చి వినుటకు మనము న్యూయార్కు వఱకు పోనక్కరలేదు. గుంటూరుకు చేరువ చేబ్రోలు దాపున గల కొత్తరెడ్డిపాలెములో, తాము ఇశ్రాయేలు తప్పిపోయిన గోత్రములలోని ఎఫ్రాయిము సంతతివారమని విశ్వసించు కుటుంబములు గలవు. మాదిగ వాడలో పుట్టి పెరిగిన ఈ సమాజము 1991లో తన ప్రార్థనామందిరమును తెరచుకొన్నది. యూలియా ఎగోరోవా, షాహిద్ పర్వేజ్ అను పండితులు వీరిపై గావించిన పరిశోధన 2013లో గ్రంథరూపమున వెలువడినది. వీరి వంశమెక్కడిదన్న చర్చ లోకమున విస్తారముగా జరిగినది. నాకు దానికన్న ముఖ్యమైన ప్రశ్న వేరొకటి గలదు. వ్యవసాయపు కూలియే జీవనాధారమైన ఇంట శనివారపు విశ్రాంతిని పాటించుటయనగా ఒకనాటి కూలి విడుచుకొనుటయే. ప్రత్తి తీతలు, మిరపకోతలు ముమ్మరముగా సాగు దినములలో ఆ విశ్రాంతికి చెల్లించు మూల్యము మరింత అధికము. ఆ లోటును ఏ తల్లి ఎట్లు పూడ్చినది? పండుగకు ఏమి కొన్నది, ఏమి మానుకొన్నది, ఏ అంగడిలో అరువు తెచ్చినది?

ఈ ప్రశ్నలు ఆ వాడకే పరిమితములు గావు. మిరపకల్లములలో తాలుకాయలు ఏరి, తొడిమలు తీసి, ఘాటుకు కన్నులు మండుచుండగా వచ్చిన కూలితో బియ్యమును బిడ్డల బట్టలును కొనిన ప్రతి స్త్రీకిని ఇవి చెల్లును. మిర్చి యార్డు ధరలు దినదినము పత్రికలలో అచ్చగుచున్నవి. ఆ కాయ నేరిన చేతికి ముట్టిన కూలియు, ఆ కూలితో ఆమె కొన్న సరకును ఎవ్వరును వ్రాసి యుంచుట లేదు. ఈ సభలోని విద్యార్థులారా, మీ అమ్మమ్మలు, నాయనమ్మలు సజీవులై యుండగనే, వారు తమ కూలితో తొలుత కొన్నదేమో, ఏ యేట, ఎంత ధరకో అడిగి, వారి మాటలలోనే వ్రాసి, మీ కళాశాల గ్రంథాలయములలో భద్రపఱుపుడని వేడుకొనుచున్నాను.