బాలు విన్న పాటలు

(ముఐథర్, ఖతార్‌లో తెలుగు కుటుంబాల శుక్రవారం కూడికలో చేసిన ప్రసంగానికి అక్షరరూపం)

  

ముందుగా ఒక మనవి. నేను సాఫ్ట్‌వేర్ ఇంజనీరుని. నాకు సంగీతం రాదు. శంకరాభరణం అంటే సినిమా పేరని తెలుసు, రాగం పేరని కూడా తెలుసు, కానీ ఆ రాగాన్ని విని గుర్తుపట్టమంటే మాత్రం సభ నుంచి మెల్లగా జారుకుంటాను. "మరి నువ్వేం మాట్లాడతావోయ్?" అని మీరు అడగవచ్చు. పాడటం గురించి మాట్లాడే అర్హత నాకు లేదు. వినడం గురించి మాట్లాడతాను. ఎస్.పి. బాలసుబ్రహ్మణ్యంగారి పాటలు మనం ఎంత విన్నామో అందరికీ తెలుసు. ఆయన ఏం విన్నారు, ఆ విన్నది ఆయన గొంతులోకి ఎలా చేరింది అన్నదే ఈ సాయంత్రం విషయం.

ఈ ఆలోచన రావడానికి కారణం ఒక అట్టపెట్టె. పోయిన సెలవుల్లో ఊరు వెళ్ళినప్పుడు అటక మీద మా నాన్నగారి కేసెట్లు దొరికాయి. మా చిన్నప్పుడు గల్ఫ్ నుంచి ఎవరైనా వస్తున్నారంటే టూ-ఇన్-వన్ వస్తోందని అర్థం. మా ఇంటికీ అలాగే ఒకటి వచ్చింది. ఆ తరవాత నాన్నగారు జీతం రాగానే ఒక్కో కేసెట్టు చొప్పున కొన్నారు. అట్టపెట్టెలో ఘంటసాల, రఫీ, శంకరాభరణం, సాగరసంగమం, ఇంకా పేరు చెరిగిపోయినవి ఎన్నో. వాటిని సూట్‌కేసులో పెట్టుకుని ముఐథర్ తెచ్చాను. ఇక్కడి ఎండకి కారులో వదిలేస్తే వంకర్లు పోతాయని పసిపిల్లల్లా చూసుకుంటూ, రాత్రిపూట ఒక్కోటి కంప్యూటర్లోకి ఎక్కించడం మొదలుపెట్టాను. అరవై నిమిషాల కేసెట్టు ఎక్కించాలంటే అరవై నిమిషాలూ కూర్చోవాల్సిందే. మనం రాసే ప్రోగ్రాములకి లాగా దీనికి అడ్డదారి లేదు. అలా బలవంతంగా కూర్చుని వినడం వల్ల నాకు కొన్ని సంగతులు తట్టాయి.

బాలుగారు 1946 జూన్ 4న పుట్టారు. తండ్రి సాంబమూర్తిగారు హరికథకులు. హరికథ అంటే ఏమిటో ఈ పిల్లలకి ఒక్కమాటలో చెప్పాలి. ఒకే మనిషి కథ చెబుతాడు, పాట పాడతాడు, పద్యం చదువుతాడు, రాముడవుతాడు, రావణుడవుతాడు, మధ్యలో నవ్విస్తాడు కూడా. తరవాతి రోజుల్లో బాలుగారు ఏ హీరోకి పాడితే ఆ హీరోయే పాడినట్టు వినపడేదని మనం ఆశ్చర్యపోయాం. అక్కినేనికి ఒక రకం, కృష్ణకి ఒక రకం, అల్లు రామలింగయ్యకి మరో రకం. రిచర్డ్ అటెన్‌బరో 'గాంధీ' సినిమా తెలుగులోకి వచ్చినప్పుడు గాంధీ పాత్రకి గొంతు ఇచ్చింది కూడా ఆయనే. ఈ విద్యకి మొదటి పాఠశాల ఆ హరికథల ఇల్లే అని నాకు అనిపిస్తుంది.

రెండోది ఘంటసాలగారి పాట. ఘంటసాలగారు విజయనగరం సంగీత కళాశాలలో చదివి, పట్రాయని సీతారామశాస్త్రిగారి దగ్గర శుశ్రూష చేసి వచ్చిన విద్వాంసులు. బాలుగారికి అలాంటి గురుకులం లేదు. ఆయన శాస్త్రీయ సంగీతం క్రమంగా నేర్చుకోలేదు. ఆ మాట ఆయనే ప్రతి వేదిక మీదా దాపరికం లేకుండా చెప్పుకునేవారు. చదివింది ఇంజనీరింగు. అనంతపురం ఇంజనీరింగ్ కాలేజీలో చేరి, టైఫాయిడ్ వల్ల అది వదిలి, మద్రాసులో ఎ.ఎం.ఐ.ఇ. చదువులో పడ్డారు. ఇక్కడున్న ఇంజనీర్లందరూ ఒకసారి గర్వంగా కాలర్ ఎగరేయవచ్చు. అయితే ఆయన మనలా కాదు, సరైన సమయంలో బయటపడ్డారు.

1964లో మద్రాసులో జరిగిన ఒక పాటల పోటీలో ఆయనకి మొదటి బహుమతి వచ్చింది. న్యాయనిర్ణేతల్లో ఘంటసాలగారు ఉన్నారు, ఎస్.పి. కోదండపాణిగారు ఉన్నారు. ఆ కోదండపాణిగారే 1966 డిసెంబరు 15న 'శ్రీశ్రీశ్రీ మర్యాద రామన్న' చిత్రానికి మొదటి పాట పాడించారు. ఆ పాటలో పక్కన ఎవరున్నారో చూడండి. పి. సుశీల, పి.బి. శ్రీనివాస్, ఈలపాట రఘురామయ్య. ఇరవై ఏళ్ళ కుర్రాడు ముగ్గురు ఉద్దండుల మధ్య నిలబడ్డాడు. ఆ టేపుని చెరపకుండా ఉంచి, వచ్చిన సంగీత దర్శకులకి వినిపించేలా కోదండపాణిగారు ఏర్పాటు చేశారని బాలుగారు కృతజ్ఞతతో తలచుకునేవారు. ఎనిమిది రోజులకే రెండో పాట వచ్చింది, అది కన్నడంలో.

1974లో ఘంటసాలగారు పోయారు. అదే ఏడాది కోదండపాణిగారూ పోయారు. ఆరాధించిన గొంతు, చేయిపట్టి నడిపించిన మనిషి, ఇద్దరూ రెండు నెలల తేడాలో. తరవాత ఆయన కట్టుకున్న రికార్డింగ్ థియేటరుకి కోదండపాణి ఆడియో ల్యాబొరేటరీస్ అని పేరు పెట్టుకున్నారు. గురుదక్షిణ అంటే అది.

మూడోది మహమ్మద్ రఫీ. బాలుగారికి రఫీ అంటే ప్రాణం. ఎవరు అడిగినా, ఎక్కడ అడిగినా తన అభిమాన గాయకుడు రఫీయే అనేవారు. మన తెలుగువాళ్ళకి రఫీ పరాయివాడేం కాదు. 'భలే తమ్ముడు'లో, 'ఆరాధన'లో ఎన్.టి. రామారావుగారికి పాడింది ఆయనే. నాన్నగారి పెట్టెలోని రఫీ కేసెట్టు ఎక్కించిన రాత్రి, ఆ వెంటనే బాలుగారి డెబ్బైల నాటి పాటలు ఎక్కించాను. రెండింటినీ పక్కపక్కన వింటే సంగీతం రాని నాకు కూడా ఒకటి తెలిసింది. ఒక మాటని పలికేముందు చిన్న నవ్వు, మాట చివర గాలిలో వదిలేసే మెత్తదనం, చరణంలో ఉన్నట్టుండి వినపడే చిలిపితనం. ఇదంతా రఫీ ఇంట్లో చూసి వచ్చి, మన ఇంట్లో మన వంటగా వండారు. అనుకరణ అనడానికి లేదు. గొంతు రఫీది కాదు, పలుకుబడి నూటికి నూరుపాళ్ళు తెలుగు.

నాలుగోది 'శంకరాభరణం'. 1980 ఫిబ్రవరి 2న విడుదలయింది. సంగీతం రాని మనిషి మహావిద్వాంసుడు శంకరశాస్త్రికి పాడాలి. కె.వి. మహదేవన్‌గారి సహాయకులు పుహళేందిగారు దగ్గర కూర్చోబెట్టి నేర్పారు. నేర్పినదాన్ని చెవితో పట్టి, జ్ఞాపకంలో దింపి, గొంతులోంచి తీశారు. దానికే మొదటి జాతీయ పురస్కారం వచ్చింది. 'సాగరసంగమం', 'రుద్రవీణ' సినిమాలకి కూడా జాతీయ పురస్కారాలు వచ్చాయి. ఆ రెంటికీ సంగీతం ఇళయరాజాగారు. ఒకప్పుడు బాలుగారి పాటకచేరీల బృందంలో వాయించినవారు. స్నేహితుడి గిటారు నుంచి కూడా నేర్చుకునే చెవి బాలుగారిది.

ఇక ఐదోది. అసలు నేను చెప్పాలనుకున్నది ఇదే. 1981లో బాలచందర్‌గారు 'ఏక్ దూజే కే లియే' తీశారు. సంగీతం లక్ష్మీకాంత్-ప్యారేలాల్. హిందీ పాటకి ఈ దక్షిణాది గొంతు సరిపోతుందా అని వారు మొదట సందేహించారు. దానికి బాలచందర్‌గారి సమాధానం ఏమిటంటే, నా కథలో కుర్రాడు హిందీ సరిగా రాని తమిళవాడు, యాస వినపడితే ఇంకా మంచిదేనని. ఏ యాసని లోపమన్నారో ఆ గొంతుకే ఆ ఏడాది జాతీయ పురస్కారం వచ్చింది. ఆ తరవాత కన్నడంలో ఒకటి, తమిళంలో ఒకటి. మొత్తం ఆరు, నాలుగు భాషల్లో.

ఈ సంగతి నాకెందుకు గుచ్చుకుందో చెబుతాను. మా అమ్మాయికి పదమూడేళ్ళు. పుట్టింది ఇక్కడే. రెండేళ్ళ క్రితం ఉగాదికి ఇలాగే ఒక కూడికలో ఒక పాట పాడింది. 'ళ' వచ్చిన చోటల్లా 'ల' అంది, 'ణ'ని 'న' చేసింది. ముందు వరుసలో ఒకరిద్దరు నవ్వారు. వాళ్ళని నేనేమీ అనను. ఎందుకంటే పాట అవగానే మైకు తీసుకుని, "మా అమ్మాయి ఇంగ్లీషు తెలుగు పాడింది, క్షమించండి" అని అందరినీ మరింత నవ్వించింది నేనే. హాస్యమనుకున్నాను. ఆ రోజు నుంచి అది జనం ముందు పాడలేదు.

బాలుగారు 1996లో 'పాడుతా తీయగా' మొదలుపెట్టినప్పుడు మనం ఇంటిల్లిపాదీ చూసినవాళ్ళమే. పిల్లలు తప్పు పాడితే ఆయన ఊరుకునేవారు కాదు. ఒత్తు తేలిపోతే పట్టుకునేవారు, అర్థం తెలియకుండా పాడితే అర్థం విప్పేవారు. ఉచ్చారణ విషయంలో రాజీ లేదు. కానీ ముందు బాగున్నది చెప్పి, తరవాత తప్పు చెప్పి, ఆ తప్పుని తనే పాడి సరిదిద్దేవారు. పిల్లవాడు నవ్వుతూ వెళ్ళి కూర్చునేవాడు. నేను ఆ కార్యక్రమం ఏళ్ళ తరబడి చూశాను. పాటలు విన్నాను గానీ, ఆ మనిషి మాట్లాడే తీరు వినలేదన్నమాట.

యాస పోనక్కర్లేదని నేననడం లేదు. బాలుగారు ప్రతి భాషనీ ఆ భాషవాళ్ళు తమవాడనుకునేంతగా నేర్చుకున్నారు. అయితే అది పాడుతూ పాడుతూ వచ్చింది. నోరు మూసుకుంటే ఏ యాసా పోదు. మన పిల్లలు బడిలో అరబిక్ వింటారు, స్నేహితుల ఇళ్ళలో మలయాళం వింటారు, ఫోనులో కొరియా పాటలు వింటారు. మనం భయపడతాం. హరికథా, ఘంటసాలా, రఫీ, కర్ణాటక సంగీతం, ఇళయరాజా గిటారూ అన్నీ ఒకే చెవిలో పడితేనే కదా మనకి బాలు దొరికింది! చెవులు ఎన్ని ఊళ్ళు తిరిగినా ఫరవాలేదు. తిరిగి వచ్చినప్పుడు ఇంట్లో నవ్వేవాళ్ళు ఉండకూడదు, అంతే.

2020 సెప్టెంబరు 25న ఆయన వెళ్ళిపోయారు. కోవిడ్ రోజులు. ఇక్కడ మనం ఎవరి ఇంటికి వాళ్ళం, కలిసి ఏడవడానికి కూడా లేదు. ఆ రాత్రి మా అమ్మాయి, అప్పటికి చిన్నపిల్ల, "ఆయన మనకి ఏమవుతారు నాన్నా?" అని అడిగింది. వెంటనే జవాబు చెప్పలేకపోయాను. ఇప్పటికీ సరైన చుట్టరికం దొరకలేదు.

పోయిన వారం శంకరాభరణం కేసెట్టు ఎక్కిస్తుంటే అది వచ్చి పక్కన కూర్చుంది. టేపు ఒకచోట నలిగి పాట సాగింది. "పాపం, ఆయన గొంతు వణికింది" అంది. కాదమ్మా, టేపు నలిగిందని చెప్పాను. ఆ తరవాత చాలాసేపటికి, నా వైపు చూడకుండా, ఆ పాటతో పాటు సన్నగా కూనిరాగం తీసింది. 'ళ' సరిగా పలికిందో లేదో నేను పట్టించుకోలేదు. నిజం చెప్పాలంటే, పట్టించుకోకుండా ఉండటానికి కాస్త కష్టపడ్డాను.

ఇప్పుడు అది వెనక వరుసలో కూర్చుని ఉంది. వచ్చి పాడమని నేను అడగను, దయచేసి మీరూ అడగకండి. రెండేళ్ళ క్రితం ఈ మైకులో నేనన్న మాటకి ఈ మైకులోనే క్షమాపణ చెబుతున్నాను. ఇక మన పిల్లల్లో ఎవరు పాడినా, పాట పూర్తయ్యేదాకా విని, ముందు చప్పట్లు కొడదాం. తప్పులు ఇంటికి వెళ్ళాక, భోజనాల దగ్గర, మనమే ముందు పాడి చూపిద్దాం.