తప్పుడు సాక్ష్యంతో ఎవరికి న్యాయం?
(బాపట్ల ప్రసంగ పాఠం)



మన పొరుగునున్న తెనాలి బిడ్డ ఆయేషా మీరా 2007 డిసెంబరులో హత్యకు గురైంది. మరుసటి ఏడాది పోలీసులు ఒక దళిత యువకుణ్ణి అరెస్టు చేశారు. 2010లో విజయవాడ కోర్టు శిక్ష విధించింది. అతడు నిర్దోషి అని పట్టుబట్టినది బిడ్డను పోగొట్టుకున్న తల్లిదండ్రులే! 2017 మార్చి 31న ఉమ్మడి హైకోర్టు ఆ శిక్షను కొట్టివేసింది. అప్పటికి అతని యౌవనంలో ఎనిమిదేళ్ళకు పైగా జైలు పాలైంది. ఆ తల్లికి అసలు హంతకుడెవరో తెలియనే లేదు.

పోలీసుల ఎదుట చేసిన నేరాంగీకారం చెల్లదు. దానివల్ల వస్తువు దొరికితే, ఆ మేరకు మాటే చెల్లుతుంది. 'కత్తి ఇంటికప్పులో దాచాను' అన్నది సాక్ష్యం. 'దానితోనే పొడిచాను' అన్నది కాదు. మన గుంటూరు సెషన్స్ కోర్టులో మొదలైన పులుకూరి కోటయ్య కేసులో, స్వాతంత్ర్యానికి ముందే ప్రీవీ కౌన్సిల్ తేల్చిన సూత్రమిది. నేటి సాక్ష్య చట్టం 23వ సెక్షనులోనూ ఇదే ఉన్నది.

ఇంటి సోదాను వీడియో తీయాలి. విచారణ వేళ న్యాయవాదిని కలిసే హక్కున్నది. స్త్రీలను సాక్షులుగా స్టేషనుకు రప్పించరాదు. అరెస్టయినవారిని, ప్రయాణకాలం మినహా, 24 గంటలలో మెజిస్ట్రేటు ముందుంచాలి.

ఈ హక్కులను మన బిడ్డ నిందితుడైనప్పుడే కాదు, మన బిడ్డ హతురాలైనప్పుడు కూడా అడగాలి. తెనాలి తల్లి నేర్పిన పాఠమిదే.