ఆడినవాడి లెక్క, మాట్లాడేవాడి లెక్క

(స్వర్ణోత్సవ సభలో అమెరికాలో ఉంటున్న ఒక పూర్వ విద్యార్థి చేసిన ప్రసంగ పాఠం)



అమెరికా నుంచి వచ్చినవాడు మైకు పట్టుకుంటే ఉద్యోగాల గురించో, వీసాల గురించో చెబుతాడని అందరూ అనుకుంటారు. ఆ మాటలు మీరు చాలాసార్లు విన్నారు. అందుకని ఈ పావుగంటా ఒక ఆట గురించి మాట్లాడతాను. అమెరికా కాలేజీ ఫుట్‌బాల్. ఆట కంటే ఎక్కువగా, దాని మీద టీవీలో తీర్పులు చెప్పేవాళ్ళ గురించి. మన పండితుడు అనే మాటే ఇంగ్లీషులోకి వెళ్ళి ‘పండిట్’ అయింది. అక్కడ టీవీ స్టూడియోలో కూర్చుని అభిప్రాయం చెప్పేవాణ్ణి ఇప్పుడు ఆ పేరుతోనే పిలుస్తారు. మనవాళ్ళ పిల్లలు చాలామంది అక్కడి స్టేట్ యూనివర్సిటీల్లో చదువుతున్నారు కాబట్టి, శరదృతువులో శనివారం వస్తే ఈ గోల మన ఇళ్ళలోకీ వచ్చేసింది.

ముందు ఆట సంగతి. ఇది మనం బడి మైదానంలో కాళ్ళతో ఆడిన ఫుట్‌బాల్ కాదు. కోలగా ఉండే బంతిని చేత్తో పట్టుకుని పరిగెత్తే ఆట, విసిరే ఆట. బంతి ఎవరికి అందించాలో, ఎటు విసరాలో చూసుకునేవాడు క్వార్టర్‌బ్యాక్. జట్టుకి ఆయువుపట్టు అతనే. ఆడేది విద్యార్థులే అయినా మిషిగన్, పెన్ స్టేట్, ఒహాయో స్టేట్ లాంటి చోట్ల స్టేడియంలో లక్షమందికి పైగా పడతారు.

ఇక చిక్కు ఎక్కడుందో చూడండి. పై స్థాయిలో 130కి పైగా జట్లున్నాయి. ఒక్కో జట్టు రెగ్యులర్ సీజన్లో ఆడేది 12 మ్యాచ్‌లు. అంటే చాలా జట్లు ఒకదాన్నొకటి ఎదుర్కోవు. మన ఐపీఎల్‌లో పది జట్లు, ఒక పాయింట్ల పట్టిక. పాయింట్లు సమానమైతే నెట్ రన్‌రేట్. వ్యాఖ్యాత ఎంత గొంతు చించుకున్నా పట్టికలో అంకె మారదు. కాలేజీ ఫుట్‌బాల్‌లో దేశం మొత్తానికీ అలాంటి పట్టిక లేదు. ఎవరు గొప్పో ఎవరో ఒకరు కూర్చుని నిర్ణయించాలి.

ఆ నిర్ణయించే పని చాలాకాలం పత్రికలవాళ్ళది. 1936 నుంచి అసోసియేటెడ్ ప్రెస్ వారం వారం విలేఖరుల ఓట్లతో ర్యాంకులు ఇస్తోంది. 1998లో ఆ ఓట్లకి కంప్యూటర్ లెక్కలు కలిపి బీసీఎస్ అనే పద్ధతి తెచ్చారు. 2003లో విలేఖరుల ఓట్లలోనూ, కోచ్‌ల ఓట్లలోనూ యూఎస్‌సీ మొదటి స్థానంలో ఉంది. అయినా లెక్క తేలేసరికి ఫైనల్‌కి వెళ్ళింది ఓక్లహోమా, ఎల్‌ఎస్‌యూ. ఫైనల్ ఎల్‌ఎస్‌యూ గెలిచింది. విలేఖరులు మాత్రం యూఎస్‌సీకే ఓటేశారు. ఆ ఏడాది దేశానికి ఇద్దరు ఛాంపియన్లు!

ఇది కాదని 2014లో ప్లేఆఫ్ పెట్టారు. నాలుగు జట్లు. ఎంపికకి పదమూడు మంది కమిటీ. మొదటి కమిటీలో మాజీ విదేశాంగ మంత్రి కండొలీజా రైస్ కూడా ఉన్నారు. కమిటీ చూడాల్సిన అంశాలు రాసిపెట్టే ఉన్నాయి: కాన్ఫరెన్స్, అంటే మన భాషలో ప్రాంతీయ లీగ్, గెలిచారా, ఎంత బలమైన జట్లతో ఆడారు, ఒకరితో ఒకరు ఆడితే ఎవరు గెలిచారు, ముఖ్యమైన ఆటగాళ్ళు అందుబాటులో ఉన్నారా. జీతమిచ్చే యూనివర్సిటీ ప్రస్తావన వస్తే ఆ సభ్యుడు పక్కకి తప్పుకోవాలి. చూడ్డానికి పద్ధతి బాగానే ఉంది.

కానీ ప్లేఆఫ్ ప్రసార హక్కులు మొదటినుంచీ ఈఎస్‌పీఎన్‌వి. సీజన్ రెండో సగంలో ప్రతి మంగళవారం సాయంత్రం కమిటీ ర్యాంకులు బయటపెట్టేది ఆ చానల్ కార్యక్రమంలోనే. వాటిని చీల్చి చెండాడే విశ్లేషకులకి జీతమిచ్చేదీ ఆ చానలే. అన్నిటికన్నా బలమైనదిగా పేరున్న ఎస్‌ఈసీ లీగ్‌కి 2014 నుంచి సొంత చానల్ ఉంది. అదీ ఈఎస్‌పీఎన్‌దే. మ్యాచ్ చూపించేవాడు, ర్యాంకు ప్రకటించే వేదిక ఇచ్చేవాడు, తీర్పు మీద తీర్పు చెప్పేవాడు, ముగ్గురూ ఒకే ఇంట్లో ఉంటారన్నమాట. ఆఖరి ఆదివారం ర్యాంకులకే విలువ. అంతకు ముందు వారాలవి కేవలం మాటలకి మేత అని నా అభిప్రాయం.

ఇప్పుడు అసలు కథ. 2023లో ఫ్లోరిడా స్టేట్ జట్టు ఆడిన పదమూడూ గెలిచింది, ఏసీసీ లీగ్ ఛాంపియన్ అయింది. నవంబర్ 18న వాళ్ళ క్వార్టర్‌బ్యాక్ జోర్డన్ ట్రావిస్ కాలు విరిగింది. అతను లేకుండా జట్టు ఫ్లోరిడాని 24–15తో, లీగ్ ఫైనల్లో లూయివిల్‌ని 16–6తో ఓడించింది. ఆ ఫైనల్లో క్వార్టర్‌బ్యాక్‌గా ఆడింది మొదటి సంవత్సరం కుర్రాడు. అదే రోజు ఎస్‌ఈసీ ఫైనల్లో అలబామా జార్జియాని 27–24తో ఓడించింది. అలబామా అంతకుముందు టెక్సస్ చేతిలో ఒక మ్యాచ్ ఓడింది.

ఆ రాత్రంతా స్టూడియోల్లో ఒకటే వాదన. ట్రావిస్ లేని ఫ్లోరిడా స్టేట్ పెద్ద జట్ల ముందు నిలబడుతుందా? మర్నాడు కమిటీ మిషిగన్, వాషింగ్టన్, టెక్సస్, అలబామాలని తీసుకుంది. ఫ్లోరిడా స్టేట్‌కి అయిదో స్థానం. పెద్ద లీగ్ గెలిచి, ఒక్క ఓటమీ లేని జట్టుని ప్లేఆఫ్ బయట నిలబెట్టడం అదే మొదటిసారి. ఫ్లోరిడా అటార్నీ జనరల్ దీనిమీద విచారణ కూడా మొదలుపెట్టారు. నా కాలు సీజన్ మొదట్లోనే విరిగి ఉంటే బాగుండేది, ఈ జట్టంటే నేనొక్కణ్ణే కాదని అందరికీ తెలిసేది అన్న అర్థంలో ట్రావిస్ రాసుకున్నాడు. ఇరవై మూడేళ్ళ కుర్రాడు రాయాల్సిన మాట కాదది.

న్యాయంగా రెండో వైపూ చెప్పాలి. ఆటగాళ్ళ గాయాలు చూడమని కమిటీ నియమాల్లోనే ఉంది. ఏసీసీకి కూడా ఈఎస్‌పీఎన్ చానల్ నడుపుతోంది కాబట్టి అంతా కుట్ర అనడం తేలిక, నిరూపించడం కష్టం. ఆ చానల్లోనే కొందరు ఈ నిర్ణయాన్ని గట్టిగా నిలదీశారు. తర్వాత ఆరెంజ్ బౌల్‌లో ఫ్లోరిడా స్టేట్ 63–3తో జార్జియా చేతిలో చిత్తుగా ఓడింది. “చూశారా, మేం చెప్పలేదా” అన్నవాళ్ళున్నారు. ఆ రోజు ఇరవై మందికి పైగా ఆటగాళ్ళు బరిలోకే దిగలేదన్న సంగతి వాళ్ళు అంత గట్టిగా చెప్పలేదు.

నా అభ్యంతరం ఒక్కటే. ఆ జట్టు ఏం చేసిందో స్కోరు బోర్డు మీద ఉంది. ఏం చేయబోతుందో ఊహ మాత్రమే. ఊహ గెలిచింది, స్కోరు ఓడింది. ఊహ తప్పయితే చెప్పినవాడికి నష్టం లేదు. వచ్చే మంగళవారం మళ్ళీ అదే కుర్చీలో కూర్చుంటాడు.

తప్పవుతుందా అంటే, అయిన సందర్భం చెప్తాను. 2024లో ప్లేఆఫ్‌ని పన్నెండు జట్లకి పెంచారు. ఒక్క మ్యాచే ఓడిన ఇండియానాకి చోటు దొరికింది, మూడు ఓడిన అలబామాకి దొరకలేదు. ఇండియానా మొదటి రౌండ్లోనే నోటర్‌డామ్ చేతిలో 27–17తో ఓడింది. చివరి నిమిషాల దాకా తేడా ఇంకా పెద్దదే. ఈ జట్టు ఇక్కడికి రాదగింది కాదని వ్యాఖ్యాతలు తేల్చేశారు. ఎస్‌ఈసీకి చెందిన టెనెసీ ఆ వారమే ఒహాయో స్టేట్ చేతిలో 42–17తో ఓడితే ఆ మాట అంత జోరుగా వినపడలేదు. మరుసటి సీజన్లో అదే ఇండియానా పదహారుకి పదహారూ గెలిచింది. 2026 జనవరిలో మయామీని 27–21తో ఓడించి జాతీయ ఛాంపియన్ అయింది.

విశ్లేషకులందరూ పనికిరానివాళ్ళని నేననడం లేదు. ఆట లోతుపాతులు విప్పి చెప్పే మాజీ ఆటగాళ్ళు, కోచ్‌లు ఉన్నారు. వాళ్ళని వింటే చూపు పదునెక్కుతుంది. అయితే ఇది అక్కడి ఫుట్‌బాల్‌కే పరిమితం కాదు గనక, పిల్లలకి మూడు ప్రశ్నలు ఇచ్చి వెళ్తాను. టీవీలో ఎవరేం చెప్పినా వేసుకోండి. ఇతను చెప్పేది జరిగినదా, జరగబోయేదా? ఇతనికి జీతం ఎవరిస్తారు? పోయినసారి చెప్పింది ఏమైంది?

చివరిగా గురువులకి ఒక విన్నపం. ఈ రోజుల్లో ఆరో తరగతిలోనే ఫలానావాడు ఐఐటీ బ్యాచ్, ఫలానావాడు మామూలు సెక్షన్ అని విడదీస్తున్న బళ్ళున్నాయి. అది కూడా ఊహకి మార్కులు వేయడమే. మా రోజుల్లో మీరు పేపరు దిద్దేటప్పుడు, ఈ కుర్రాడు రేపు ఏమవుతాడని చూడలేదు. రాసినదానికి మార్కులు వేశారు. తక్కువ రాస్తే తక్కువే, బాగా రాస్తే ఆఖరి బెంచీవాడికైనా పూర్తి మార్కులు. ఇవాళ ఈ సభలో కూర్చున్నవాళ్ళలో చాలామంది ఆ ఆఖరి బెంచీలవాళ్ళే. ఆ పద్ధతిని ఈ బడిలో ఇంకో యాభై ఏళ్ళు అలాగే ఉంచండి.