కూరగాయల రైతు – క్రొత్త పద్ధతులు

(సంఘ సమావేశమునందలి ప్రసంగ పాఠము)



భిలాయి ఉక్కు కర్మాగారమునకై సోవియట్ దేశముతో 1955 ఫిబ్రవరిలో ఒడంబడిక కుదిరెను. 1959 ఫిబ్రవరి 4వ తేదీన రాష్ట్రపతి రాజేంద్రప్రసాదుగారు తొలి బ్లాస్టు ఫర్నేసును ప్రారంభించిరి. ఉక్కు పోయు చేతులకు అన్నమును, అన్నములోనికి కూరయు కావలెను గదా! ఆ కూరను పండించువారిలో దుర్గ్, ధమధా ప్రాంతముల చిన్న రైతులు ముఖ్యులు. దుర్గ్ జిల్లా టమాటా పంటకు పేరు గాంచినది. తెలుగు ఇల్లాలు వెదకుకొను గోంగూరయు ఇచ్చట అమారీ భాజీ యను పేర దొరకును.

ఈ రైతునుగూర్చి పట్టణవాసులలో ఒక మాట వినవచ్చుచుండును: "మేలైన విత్తనము చూపినను, బిందు సేద్యము నేర్పినను వీరు పాత దారి విడువరు; ఇది అజ్ఞానము." ఈ నింద ఎంతవరకు న్యాయమో విచారింపవలసియున్నది.

అమెరికాలోని అయోవా రాష్ట్రమున సంకరజాతి మొక్కజొన్న ఎట్లు వ్యాపించెనో పరిశీలించి రయాన్, గ్రాస్ అను విద్వాంసులు 1943లో ఒక వ్యాసము ప్రకటించిరి. రైతులలో అనేకులు ఆ విత్తనమునుగూర్చి తొలుత వినినది విత్తనములమ్మువారి నోట. నమ్మినది మాత్రము ఇరుగుపొరుగువారి అనుభవమును చూచి. నమ్మిన పిదపకూడ మొదట కొద్ది నేలలో వేసి, ఫలితము చూచి, ఏటేట పెంచుకొనిరి. అయోవా రైతు చేసినది వివేకమైనచో, దుర్గ్ రైతు చేయునది అజ్ఞాన మెట్లగును?

ఛత్తీస్‌గఢ్ రైతు క్రొత్తదానిని స్వీకరించుటకు అంటు మొక్కలే సాక్ష్యము. వంగ వేరుపై టమాటా కొమ్మను అంటుకట్టినచో, భూమినుండి వచ్చు వడలు తెగులును ఆ మొక్క తట్టుకొనును. దాని వెల మామూలు నారుకంటె చాల హెచ్చు. అయినను కొనువారున్నారు. ఏలయన, దానిని ఒక్క వరుసలో నాటి చూడవచ్చును. ప్రక్క వరుస వాడిపోవుచుండగా ఇది పచ్చగా నిలుచుట కంటికి కనబడును. ఒకవేళ చెడినను నష్టము ఆ వరుసతోనే ఆగును.

బిందు సేద్యము సంగతి వేరు. నీరు ఆదా యగుట నిజమే. 2015లో వెలసిన ప్రధానమంత్రి కృషి సించాయీ యోజన క్రింద చిన్న, సన్నకారు రైతులకు నిర్ణీత వ్యయములో 55 శాతమువరకు సహాయధన మేర్పడినది. కాని ఆ గొట్టములు పెక్కేండ్లు పనిచేసినగాని పెట్టిన సొమ్ము తిరిగి రాదు. ఇచ్చట పంటను చెరిసగము పంచుకొను సాగును అధియా యందురు. సొమ్ము కట్టి చేయు కౌలును రేగా యందురు. పట్టా యజమాని పేర నుండగా, మరుసటి ఏడు ఆ నేల తనదగునో కాదో యెరుగని కౌలుదారు గొట్టములు పరచునా?

వేసవి కూరలకు మరియొక చిక్కు కలదు. వానకాలపు పైరున్నంతవరకు పశువులను కట్టడి చేయు గ్రామాచారమునకు రోకా-ఛేకా యని పేరు. పంట యింటికి చేరిన పిదప పశువులు విచ్చలవిడిగా తిరుగును. ఊరంతయు విడిచిన పశువులనుండి ఒక్క రైతు తన మడిని కాపాడుకొనవలెనన్న, విత్తనము వెలకంటె కంచె వెల బరువగును. ఇది ఊరంతయు కలిసి తీర్చవలసిన పని.

అన్నిటికంటె గడ్డు ప్రశ్న ధర. దిగుబడి పెంచు పద్ధతిని అందరును ఒక్కమారే చేపట్టినచో సంత నిండును, ధర కూలును. 2017 జనవరిలో ధరలు పడిపోగా, రాయపూరులో రైతులు కూరగాయలను ఉచితముగా పంచిపెట్టి తమ ఆవేదన తెలిపిరి. అట్టివారికి ఇంకను ఎక్కువ పండించుమని చెప్పినంతమాత్రమున చాలునా? ఆంధ్రప్రదేశమున 1999 జనవరి 26న ఆరంభమైన రైతుబజారులు, పండించువానిని కొనువాని యెదుట నిలిపి, ఈ ప్రశ్నకు కొంతవరకైనను సమాధానము చెప్పినవి.

కొనువానికిని ఇందు పాలు కలదు. సుపేలా ఆదివారపు సంతలో చేతిసంచితో నిలిచిన గృహస్థు మచ్చలేని, నిగనిగలాడు వంకాయనే యేరుకొనును. ఒక్క పుచ్చు కనబడినచో బుట్టనే ప్రక్కకు నెట్టును. ఇంటికి వచ్చి, పురుగుమందులు మితిమీరినవని వగచును. మందు తగ్గించిన రైతు కాయకు రెండు మచ్చలుండవచ్చును. వానికి సగము ధర కట్టినచో, మరుసటి వారము అతడు మరల మందు చల్లును. సలహాదారుని మాటకంటె సంతలోని బేరమే అతనికి బలమైన పాఠము.

కావున రైతునకు క్రొత్త పద్ధతి చెప్పువారు ముందుగా మూడు ప్రశ్నలు వేసికొనవలెను: దీనిని కొద్ది నేలలో పరీక్షింపవచ్చునా? పొరుగున దీని ఫలితము కనబడుచున్నదా? చెడినచో నష్ట మెవరిది? నష్టమంతయు రైతుదే యైనపుడు, అతని సందేహము సహజము.

నెల తిరుగగనే జీతము చేతికందు ఉద్యోగి, ఏటి జీవనమంతయు పరీక్షకు పెట్టుమని రైతునకు సలహా చెప్పుటకు ముందు ఒక్కసారి తన నెల జీతమును ఆ విధముగా పందెమొడ్డగలడేమో ఆలోచించుకొనుట మంచిది. వచ్చు ఆదివారము సంతలో మచ్చయున్న వంకాయను, మంచి కాయ వెలకే, ఒక్క కిలో యైనను కొని చూచుట అంతకంటె మంచిది.