మన ఊరి అప్పు, ముంబయి షేరు

(న్యాల్‌కల్‌లో జరిగిన పెన్షనర్ల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



దేశ ఆర్థిక వ్యవస్థ మీద ఫైనాన్సు వ్యాపారం పెత్తనం ఎలా పెరిగిందో చెప్పమని కార్యదర్శిగారి ఆజ్ఞ. గుమాస్తాగిరీ చేసి రిటైరైనవాడికి అది కొంచెం పెద్ద సబ్జెక్టే. కాని దీనికి ఢిల్లీ, ముంబయిల నుండి మొదలుపెట్టనక్కరలేదు. దేశమంతా చెప్పుకున్న ఒక కథ మన పాత మెదక్ జిల్లాలోనే, పక్కనున్న నారాయణఖేడ్‌లోనే పుట్టింది. అదే చెబుతాను.

మన చిన్ననాడు ఊళ్ళో అప్పు రెండు విధాలు. గింజలు తెచ్చుకుంటే నాగు, రూపాయలు తెచ్చుకుంటే మిత్తి. ఇచ్చే సేటు మంచివాడని నేననను. నూటికి మూడు, ఐదు చొప్పున నెల నెలా తీసుకున్నవాడే. పొలం కాగితాలు ఆయన పెట్టెలోకి ఎలా పోయేవో కచేరీలో ఫైళ్ళు మోసిన మనకు తెలియనిది కాదు. అయితే ఆయన ఇల్లు ఎక్కడో తెలుసు. వాన పడని ఏడు ఆయన అరుగు మీద కూర్చొని బతిమాలుకునే వీలుండేది.

ఆ సేటు చేతి నుండి తప్పించడానికే గదా బ్యాంకులు వచ్చాయి! 1969 జూలై 19న 14 బ్యాంకులను, 1980 ఏప్రిల్‌లో మన ఆంధ్రా బ్యాంకుతో సహా మరో 6 బ్యాంకులను జాతీయం చేశారు. ఇచ్చే రుణాలలో నూటికి 40 వ్యవసాయం, చిన్న పరిశ్రమలు, బలహీన వర్గాల వంటి ప్రాధాన్య రంగాలకు పోవాలన్న నియమం కూడా వచ్చింది.

ఇంకొక మార్గమూ మన దగ్గరే కనబడింది. పస్తాపూర్ కేంద్రంగా డక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ వారు పేద మహిళల చేత సంఘాలు పెట్టించారు. 1990ల మధ్యలో బీడు భూములను సాగులోకి తేవడానికి అప్పులిచ్చి, ఆ అప్పును జొన్నల రూపంలో తిరిగి కట్టించుకున్నారు. ఆ జొన్నలను ఊళ్ళోనే నిల్వ చేసి, ఊళ్ళోని బీద కుటుంబాలకే తక్కువ ధరకు ఇచ్చారు. ఇచ్చినవారూ, తీసుకున్నవారూ, చివరకు తిన్నవారూ ఒక్క ఊరివారే.

ఆ సొసైటీలో కొంతకాలం పనిచేసినవారిలో విక్రమ్ ఆకుల ఒకరు. అమెరికాలో పెరిగిన తెలుగువారు. ఆయన 1997-98లో స్వయం కృషి సంగం పేరుతో నారాయణఖేడ్ ప్రాంతంలో మహిళలకు చిన్న అప్పులివ్వడం ప్రారంభించారు. బంగ్లాదేశ్‌లో యూనుస్‌గారి గ్రామీణ బ్యాంకు పద్ధతి. అయిదుగురు ఒక జట్టు, ఆస్తి తాకట్టు లేదు, ఒకరు కట్టకపోతే మిగతావారు పూచీ, వారం వారం వాయిదా. సేటు కన్నా తక్కువకే ఇచ్చారు, సందేహం లేదు.

ఇక్కడ కాస్త లెక్క చూడాలి. జమాఖర్చులు రాసిన చేతులు మనవి, విసుక్కోకండి. ఉదాహరణకు పదివేలు అప్పు, 50 వారాలు, ఫ్లాట్ రేటున నూటికి పన్నెండున్నర అనుకుందాం. వడ్డీ 1,250. మొత్తం 11,250ని 50 పెట్టి భాగిస్తే వారానికి 225. వినడానికి సుళువుగానే ఉంది. కాని 25వ వారానికి అసలులో సగం తీరిపోతుంది. వడ్డీ మాత్రం ఆఖరు వారం దాకా పూర్తి పదివేల మీదనే. సగటున ఆమె చేతిలో ఉన్నది అయిదువేలు, కట్టిన వడ్డీ 1,250. నూటికి 25 పడ్డదన్నమాట. ఈ ముక్క వారం వారం కట్టే ఆడకూతురికి ఎవరు విప్పి చెబుతారు?

ఇంతకీ ఇలాంటి కంపెనీలకు సొమ్ము ఎక్కడిది? చాలా భాగం బ్యాంకులదే. మనం ఫిక్స్‌డ్ డిపాజిట్టు వేసిన డబ్బును బ్యాంకు కంపెనీకి అప్పిస్తుంది, ఆ అప్పు ప్రాధాన్య రంగం లెక్కలో జమ అవుతుంది. ఊరికి రావలసిన బ్యాంకు రాలేదు, దాని రుణం మాత్రం ఇంకొకరి చేతి మీదుగా, ధర పెంచుకొని వచ్చింది. ఇది నాకు ఇప్పటికీ మింగుడుపడని విషయం.

2005లో ఆ సంఘం పని ఎస్.కె.ఎస్. మైక్రోఫైనాన్స్ అనే కంపెనీ చేతికి వెళ్ళింది. విదేశీ పెట్టుబడులు వచ్చాయి. 2010 ఆగస్టులో షేరు 985 రూపాయల చొప్పున అమ్మి స్టాక్ మార్కెట్‌కెక్కింది. దాదాపు 1,650 కోట్లు సమకూరాయి. కొన్ని వారాల్లోనే షేరు 1,400 దాటింది. పేదల అప్పు మీద ఈ విధంగా లాభాలు తీయడం తగదని యూనుస్‌గారే బహిరంగంగా అన్నారు.

షేరు కొన్నవాడికి మూడు నెలలకొకసారి పెరుగుదల కనబడాలి. పెరుగుదల అంటే కొత్త అప్పులు. ఒక్క కంపెనీయే కాదు, అరడజను కంపెనీలు ఒకే వాడకట్టు మీద పడ్డాయి. ఒకరికి కట్టడానికి ఇంకొకరి దగ్గర తీసుకోవడం మొదలైంది. 2006లోనే కృష్ణా జిల్లాలో సుమారు 50 బ్రాంచీలను అధికారులు మూయించారు. ఆ హెచ్చరిక ఎవరి చెవికీ ఎక్కలేదు. 2010లో వసూళ్ళ వేధింపులకు తాళలేక మహిళలు ఆత్మహత్యలు చేసుకున్నారని పత్రికలు రాశాయి. తమకు సంబంధం లేదని కంపెనీలన్నాయి.

ఆ అక్టోబరులో రోశయ్యగారి ప్రభుత్వం ఆర్డినెన్సు తెచ్చింది. కంపెనీలు రిజిస్టరు చేసుకోవాలి, వారానికి బదులు నెలకే వాయిదా, వడ్డీ అసలును మించరాదు. దరిమిలా అది చట్టమైంది. రాష్ట్రంలో వసూళ్ళు నూటికి 10 దరిదాపులకు పడిపోయాయి. 2012 నాటికి ఆ షేరు వందకు లోపలే. కొత్త అప్పు పుట్టక చాలామంది మళ్ళీ సేటు గడప తొక్కారు, ఇదీ చెప్పవలసినదే. 2011లో స్త్రీనిధి వచ్చాక సంఘాలకు కొంత ఊపిరాడింది.

కంపెనీ ఏమైంది? 2016లో పేరు మార్చుకొంది, 2019లో ఇండస్ఇండ్ బ్యాంకులో కలిసింది. నారాయణఖేడ్‌లో మొలిచిన విత్తనం ముంబయి బ్యాంకు గాదెలో చేరింది.

చట్టం ఏమైందంటారా, అది ఇంకా ముఖ్యం. రిజర్వు బ్యాంకు అదుపులోనున్న ఫైనాన్సు కంపెనీలకు రాష్ట్రాల వడ్డీ వ్యాపార చట్టాలు వర్తించవని 2022 మేలో సుప్రీంకోర్టు తేల్చింది. దానిననుసరించి 2023 ఫిబ్రవరిలో మన హైకోర్టు కూడా అదే మాట అన్నది. అంతకు ముందే, 2022 ఏప్రిల్ నుండి రిజర్వు బ్యాంకు ఈ రుణాల మీద వడ్డీ పరిమితిని ఎత్తివేసింది. కోర్టు తీర్పును నేను తప్పుపట్టను. న్యాల్‌కల్ ఆడకూతురు ఓటు వేసి గెలిపించుకున్న శాసనసభకు ఆమె కట్టే వడ్డీ మీద మాట లేకుండా పోయింది, అంతవరకే నేను చెప్పేది.

మన పిల్లల సంగతికి వస్తాను. ఉమ్మడి రాష్ట్రంలో 2004 సెప్టెంబరు 1 నుండి ఉద్యోగంలో చేరినవారిని కాంట్రిబ్యూటరీ పెన్షన్ కిందికి తెచ్చారు. మనకు డి.ఎ. పెరిగితే పెన్షన్ పెరుగుతుంది. వారికి జీతంలో కోసిన సొమ్ము ఫండ్ మేనేజర్ల చేతికి పోతుంది, కొంత షేర్లలోకి వెళుతుంది, అందులో బ్యాంకుల షేర్లూ ఉంటాయి. కొడుకు పెన్షన్ పెరగాలంటే ఆ బ్యాంకుల లాభం పెరగాలి, ఆ లాభంలో ఇంటి పక్క అత్తమ్మ కట్టే వాయిదా కూడా ఉంటుంది. ఇద్దరినీ ఒకే తాడుకు కట్టారు. ఆ తాడు కొస మన చేతిలో లేదు.

ముగించే ముందు అమ్మలకు ఒక మాట. 2022 నిబంధనల ప్రకారం అప్పిచ్చేవారు మీకు తెలిసిన భాషలో వడ్డీ, రుసుములు అన్నీ రాసిన కాగితం ఇవ్వాలి. ఇంటిల్లిపాది వాయిదాలన్నీ కలిపి నెల రాబడిలో సగం మించరాదు. ముందుగా తీర్చేస్తే జరిమానా లేదు. ఉదయం 9కి ముందు, సాయంత్రం 6 తరువాత వసూలుకు రాకూడదు. ఆ కాగితాలు ఇంట్లో ఉంటే తీసుకురండి. కళ్ళజోడు, కాలిక్యులేటరు రెండూ నా సంచిలోనే ఉన్నాయి. సభ అయ్యాక ఆ వేపచెట్టు కింద కూర్చుంటాను.