కుందేలుకూ ఓ గూడు



కుందేలు అనగానే మనకు చందమామలో మచ్చ గుర్తొస్తుంది. బావిలో నీడ చూపించి సింహాన్ని ముంచిన తెలివి గుర్తొస్తుంది. పరిశోధనశాలలో మనకోసం బతికే కుందేలు మాత్రం ఎవరికీ గుర్తు రాదు. మొన్న శ్రీరామనవమి దాకా నాకూ రాలేదు.

మాది పాల్వంచ. ఊరు దాటితే కిన్నెరసాని అడవి, ఆ పైన భద్రాచలం దారి. కిందటేడు మా అమ్మాయి ముచ్చటపడితే ఖమ్మం నుంచి రెండు తెల్ల కుందేలు పిల్లల్ని తెచ్చాం. ఇనుప చువ్వల పంజరం కొన్నాను. దాని అడుగు కూడా తీగల జాలీయే. పెంటికలు కిందికి రాలిపోతాయి, ఊడ్చే పని తప్పుతుందని నేనే అది ఏరుకున్నాను. రేకుల వసారాలో పెట్టి, పూటపూటా క్యారెట్టూ బిస్కెట్టూ వేశాను. మే నెలలో ఒకటి పోయింది. ఎండలే అలాంటివి, మనమేం చేస్తాం అనుకున్నాను. రెండోది రాత్రంతా చువ్వలు కొరికేది. అల్లరి ముండ అని నవ్వుకునేవాళ్ళం.

మా ఆడపడుచు కొడుకు హైదరాబాదులో ఒక పరిశోధనశాలలో జంతువుల గదులు చూసుకుంటాడు. నవమికి రాములవారి కల్యాణం చూద్దామని భద్రాచలం వెళ్తూ మా ఇంట్లో దిగాడు. కాళ్ళు కడుక్కుందామని వసారాలోకి పోయినవాడు ఎంతకీ రాడు. వెళ్ళి చూస్తే పంజరం ముందు గొంతుక్కూర్చుని ఉన్నాడు. ఒక చెయ్యి రొమ్ము కింద, ఇంకో చెయ్యి పిర్రల కింద పెట్టి కుందేలును ఎత్తి, దాని వెనక పాదాలు నాకు చూపించాడు. మడమల దగ్గర బొచ్చు రాలిపోయి, చర్మం పుండు పడి ఉంది.

"అత్తమ్మా, మా దగ్గర ఇలా కనబడితే సంజాయిషీ ఇచ్చుకోవాలి" అన్నాడు.

నాకు పౌరుషం వచ్చింది. తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్ళన్నట్టు వాదించాను. "సూదులు పొడిచేవాళ్ళు మీరు, ముద్దుగా సాకేదాన్ని నేను. నువ్వు నాకు చెప్తావురా?" అన్నాను. వాడు నొచ్చుకోలేదు. రాత్రి భోజనాలయ్యాక నిదానంగా చెప్పుకొచ్చాడు. అదే మీకూ చెబుతున్నాను.

మన అడవిలో తిరిగే చెవులపిల్లీ, ఈ తెల్ల కుందేలూ ఒకటి కావట. చెవులపిల్లి పొదల్లో, గడ్డిలో ఒంటరిగా బతుకుతుంది. దాని పిల్లలు బొచ్చుతో, కళ్ళు తెరిచే పుడతాయి. తెల్ల కుందేలు పూర్వులు ఐరోపా దేశాలవి. నేలలో బొరియలు తవ్వుకుని, గుంపుగా కాపురముండే జాతి. పిల్లలు బొచ్చు లేకుండా, కళ్ళు మూసుకుని పుడతాయి. కాబట్టి దానికి కావలసినవి మూడు: దాక్కునే చోటు, తోడు, పళ్ళకు పని. పళ్ళు బతికినంతకాలం పెరుగుతూనే ఉంటాయి. ఎండుగడ్డి నమిలితేనే అరుగుతాయి. నేను పెట్టిన పంజరంలో ఈ మూడూ లేవు. అది చువ్వలు కొరికింది అల్లరితో కాదు, తోచక.

వాళ్ళ దగ్గర జాలీ మీద కాళ్ళు ఆనడానికి నున్నటి పలక వేస్తారట. ఒక పెట్టె పెడతారు, భయమేస్తే అందులో దూరుతుంది, హుషారొస్తే పైకెక్కి కూర్చుంటుంది. కొరకడానికి చెక్కముక్క, మేయడానికి ఎండుగడ్డి ఉంటాయి. కలిసి పెరిగిన ఆడవాటిని కలిపే ఉంచుతారు. ఎదిగిన మగవి కొట్టుకుంటాయి గనక వాటిని విడదీసినా, ఒకదానికొకటి కనబడేలా చూస్తారు. నాలుగు కిలోల లోపు కుందేలుకు కనీసం 3 చదరపు అడుగుల నేల, 16 అంగుళాల ఎత్తు ఉండాలనీ, గది వేడి 16 నుంచి 22 డిగ్రీల మధ్య ఉండాలనీ అమెరికాలో అనుసరించే మార్గదర్శక గ్రంథంలో ఉందట. కుందేలుకు మనలా చెమట పట్టదు. ఒంట్లో వేడి చాలావరకు ఆ చెవుల గుండానే పోవాలి. మే నెలలో మా రేకుల వసారా తలుచుకుంటే నాకు ముద్ద దిగలేదు.

కుందేలుకు మనం పడిన రుణం చిన్నది కాదు. 1885లో పాశ్చర్ పండితుడు పిచ్చికుక్క కరిచిన తొమ్మిదేళ్ళ పిల్లవాడికి మొదటిసారి వేసిన టీకా, కుందేలు వెన్నుపాము ఎండబెట్టి తయారు చేసిందే. మన ఆస్పత్రుల్లో సెలైను సీసా ఎక్కించేముందు, అది జ్వరం తెప్పించదని తేల్చడానికి కుందేలు చెవి నరానికి కొంత ఎక్కించి, దాని ఒంటి వేడి చూస్తూ వచ్చారు. ఇప్పుడు చాలావరకు వేరే పరీక్షలు వచ్చాయి. మన హైదరాబాదు తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థలో ఇలాంటి జంతువులను శాస్త్రప్రకారం పెంచి పరిశోధనశాలలకు అందించే కేంద్రం 1976లోనే మొదలైంది.

అన్నీ విని నేను అడగనే అడిగాను. "ఎలాగూ పోయే ప్రాణానికి పెట్టెలూ పలకలూ ఎందుకురా?"

"రేపటిది నా చేతిలో లేదత్తమ్మా. ఇవాళ్టిది నా చేతిలో ఉంది" అన్నాడు. కాసేపాగి, "ఇంకో మాట. బెదిరిన కుందేలుకు ఒళ్ళు వేడెక్కుతుంది. అది మందు వల్లో, భయం వల్లో ఎలా తేల్చాలి? కుదురుగా లేని జంతువు నిజం చెప్పదు" అన్నాడు.

1959లో రస్సెల్, బర్చ్ అనే ఇద్దరు ఇంగ్లండు శాస్త్రజ్ఞులు మూడు సూత్రాలు చెప్పారు. జంతువు లేకుండా పనయ్యే దారి ఉంటే అదే పట్టాలి. తప్పకపోతే తక్కువ జంతువులతో సరిపెట్టాలి. వాటికైనా బాధ తగ్గించాలి. మన దేశంలో 1960 నాటి జంతుహింస నివారణ చట్టం కింద 1998లో నియమాలు వచ్చాయి. ప్రతి పరిశోధనశాలలో ఒక నైతిక సంఘం ప్రయోగాన్ని ముందే పరిశీలించి ఒప్పుకోవాలి. అందులో శాస్త్రజ్ఞులే కాక, శాస్త్రంతో సంబంధం లేని, సమాజం మంచిచెడ్డలు తెలిసిన ఒకరు ఉండి తీరాలి. ఈ మాట విన్నప్పుడు నాకు ఎంతో బాగా అనిపించింది. నేను పదో తరగతితో చదువాపేసిన దాన్ని. కానీ "దానికి దాక్కునే చోటుందా? తోడుందా?" అని అడగడానికి పెద్ద చదువులక్కర్లేదు కదా! ఇల్లు నడిపే మనకంటే గూడు సంగతి తెలిసినవారెవరు?

మన బొట్టుపెట్టెదీ ఒక సంగతి ఉంది. పౌడర్లూ కాటుకలూ మంట పుట్టిస్తాయేమోనని కుందేలు కళ్ళలో వేసి చూసే పద్ధతి 1944 నాటిది. 2014లో మన దేశం అలంకరణ సామగ్రికి జంతువుల మీద పరీక్షలు నిషేధించింది. అలా పరీక్షించిన సరుకును పైదేశాలనుంచి తేవడాన్నీ నిషేధించింది. కళ్ళకు కాటుక దిద్దుకునేటప్పుడు ఆ కళ్ళను ఒక్కసారి తలుచుకోండి.

ఇంట్లో కుందేళ్ళు ఉన్నవారు నాలుగు మాటలు గుర్తుంచుకోండి. చెవులు పట్టి ఎత్తకండి. పట్టు తప్పి తన్నుకుంటే వెన్ను విరిగే ప్రమాదముంది. అడుగున జాలీ వద్దు. ఎండుగడ్డి, గరిక, నీళ్ళు ఎప్పుడూ ఉండాలి. క్యారెట్టు ఎప్పుడో ఒక ముక్క చాలు, బిస్కెట్టు అసలే వద్దు. అడవి అంచున ఉన్నవారికి ఇంకో మాట. గడ్డిలో చెవులపిల్లి పిల్ల ఒంటరిగా కనిపిస్తే తల్లి లేనిదనుకుని ఇంటికి తేకండి. తల్లి రోజుకు ఒకటి రెండుసార్లే వచ్చి పాలిచ్చి పోతుంది. అడవి ప్రాణిని పట్టి పెంచడం చట్టరీత్యా నేరం కూడా.

ఆ పంజరం పాత ఇనుముకు వేసేశాను. ఇప్పుడు మా కుందేలు లోపలి గదిలో, గోనెపట్టా మీద ఉంటోంది. ఒక పెద్ద మట్టికుండ అడ్డంగా పడుకోబెట్టి ఇచ్చాను. చల్లగా ఉంటుంది, అందులో దూరి కళ్ళు మూసుకుంటుంది. మడమల పుండు పశువుల డాక్టరుకు చూపించాను, మానుతోంది. తోడు మాత్రం ఇంకా కుదరలేదు. అందుకని సాయంత్రం పూట నేనే వెళ్ళి కాసేపు దాని పక్కన నేలమీద కూర్చుంటున్నాను. మొదట్లో కుండలోంచి బయటికొచ్చేది కాదు. ఇప్పుడు వచ్చి నా చీరకొంగు కొరుకుతోంది.

పోయినదాన్ని నేను తిరిగి తేలేను. మీ ఇంట్లో అలా జరగకూడదని ఈ నాలుగు మాటలూ చెప్పాను. సెలవు.