పిడికెడు గింజలు, పది కాలాల చెట్టు

(డొంకూరు సభ్యుల కుటుంబ సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



మాకిచ్చిన విషయం "పిట్టకు గింజ, కుక్కకు ముద్ద". వినడానికి చిన్న సంగతే. మన ఉద్దానంలో మాత్రం ఇది చిన్నది కాదని మనవి చేస్తున్నాం.

దాహంతో అల్లాడే కుక్క కోసం బావిలోకి దిగి, తన తోలు మేజోడులో నీళ్లు తెచ్చి పట్టినవాడి పాపాలు మన్నింపబడ్డాయని ప్రవక్త (స) చెప్పిన సంగతి మన పిల్లలకు కూడా తెలుసు. నాటిన చెట్టు ఫలాన్ని మనిషి తిన్నా, పిట్ట తిన్నా, పశువు తిన్నా అది నాటినవాడికి సదఖాయే అని కూడా వారు బోధించారు. మొదటిది మనకు గుర్తుంటుంది. రెండోది మరచిపోతున్నాం.

2013 అక్టోబరులో ఫైలిన్ దెబ్బ తిన్నాం. 2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ తుఫాను పలాస దగ్గర తీరం దాటింది. తాతలనాటి కొబ్బరి, జీడిమామిడి తోటలు ఒక్క పూటలో నేలకొరిగాయి. మన నష్టం లెక్కలు రాశారు. పిట్టకు పోయిన గూడూ పండూ ఎవరు రాస్తారు? కొబ్బరి, జీడి మళ్లీ నాటుకోవాలి, అది మన బతుకు. గాలికి అడ్డంగా సరుగుడూ వేయాలి. కాని సరుగుడు పిట్టకు పండు పెట్టదు కదా!

మన ఇచ్ఛాపురం మండలంలోనే ఉన్న తేలుకుంచిని చూడండి. ముక్కు మధ్య సందున్న ఓపెన్ బిల్ కొంగలు వానలతో వచ్చి అక్కడి చెట్ల మీద పిల్లల్ని చేసుకుంటాయి. టెక్కలి వైపు తేలినీలాపురానికి గూడబాతులు, రంగు కొంగలు వస్తాయి. ఆ ఊళ్లవాళ్లు వాటికి గింజలు చల్లరు. చెట్టు నరకరు, రాయి విసరరు, అంతే. నత్తల్నీ చేపల్నీ పొలాల్లో, చెరువుల్లో అవే వెతుక్కుంటాయి.

పిచ్చుక సంగతీ అంతే. చూరుకి వరికంకుల కుచ్చు కట్టడం మన పాత అలవాటు, వదలవద్దు. అయితే పిచ్చుక తన పిల్లలకు తెచ్చిపెట్టేది ఎక్కువగా పురుగుల్నే. చెట్టూ చేమా లేనిచోట పురుగులెక్కడివి?

అందుచేత పెరట్లో జామ, మునగ, నేరేడు వేయండి. మునగ పువ్వులో తేనెకి తేనెపిట్టలొస్తాయి. వేప, సీమచింత కంచె పక్కన వేయండి. మర్రి, రావి, మేడి చెరువు గట్టున వేయండి. ఇంటి దగ్గర వేస్తే వేళ్లు గోడలు చీలుస్తాయి. ఎండాకాలం మట్టి మూకుడులో నీళ్లు పెట్టి రోజూ మార్చండి.

ఇక కుక్కల మాట. పెట్టండి, కాని పద్ధతిగా పెట్టండి. పిల్లలాడే చోట కాకుండా ఒకే వేళకు, ఒకే చోట పెట్టండి. చేపల తుక్కు ఒడ్డున పారబోస్తే కుక్కలు గుంపు కడతాయి. జనవరి నుంచి ఏప్రిల్ దాకా మన తీరానికి ఆలివ్ రిడ్లే తాబేళ్లు వచ్చి, ఒక్కో గుంటలో వందకు అటూ ఇటూగా గుడ్లు పెడతాయి. ఆ గుంటలు తవ్వేది ఈ కుక్కలే. బక్రీదు నాడు పేగులు, ఎముకలు వీధిలో వేయడం దానం కాదు. లోతుగా గొయ్యి తీసి కప్పాలి. కుక్క కరిస్తే గాయాన్ని సబ్బు పెట్టి ధారగా పడే నీళ్లతో పావుగంట కడిగి, వెంటనే ఆసుపత్రికి వెళ్లి టీకా వేయించుకోవాలి. పసరు కట్టి ఊరుకుంటే ప్రాణానికే ముప్పు.

గింజలు సాయంత్రానికి అయిపోతాయి. చెట్టు మన తరువాత కూడా పెడుతూనే ఉంటుంది. ఈ వానాకాలం ఇంటికో పండ్ల మొక్క నాటి, రెండేళ్లు మేకల నుంచి కాపాడే బాధ్యత పిల్లల పేరున పెట్టమని కోరుతూ సెలవు తీసుకుంటున్నాం.